జీఎస్‌టీ 3బీలో అంకె మార్చలేరు: మీ దుకాణం లెక్క ముందే సరిచూసుకోండిలా

గుత్తిలో మీకు పైపులు, డ్రిప్ సామాన్లు అమ్మే దుకాణం ఉందనుకుందాం. నెలనెలా రిటర్ను వేస్తారు. రూ.45,000 విలువైన పీవీసీ పైపుల బిల్లును సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేటప్పుడు ఒక సున్నా ఎక్కువ పడి రూ.4,50,000 అయింది. ఎవరూ గమనించలేదు. అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1 దాఖలైపోయింది. 18 శాతం చొప్పున మీరు కట్టాల్సింది రూ.8,100. పోర్టల్ చూపిస్తున్నది రూ.81,000.

ఇదివరకైతే జీఎస్‌టీఆర్-3బీ వేసే రోజున ఆ అంకె చెరిపి, సరైనది రాసేవారు. 2025 జులై నెల రిటర్ను నుంచి ఆ వీలు పోయింది. జీఎస్‌టీఆర్-1లో చెప్పిన అమ్మకాల పన్ను నేరుగా 3బీలోకి వచ్చి కూర్చుంటుంది. దాన్ని అక్కడ మార్చలేరు. పొరపాటును వదిలేస్తే రూ.72,900 అదనంగా కట్టి, తర్వాతి రిటర్నులో సవరించుకునే దాకా ఆగాలి. చిన్న దుకాణానికి అది ఒక లోడు సరుకు డబ్బు.

మరి దిద్దుకోవడం ఎలా?

దానికోసమే జీఎస్‌టీఆర్-1ఏ అనే ఫారం ఉంది. 2024 జులై నెల లెక్కల నుంచి ఇది అందుబాటులోకి వచ్చింది. జీఎస్‌టీఆర్-1 వేసిన తర్వాత, 3బీ వేయడానికి ముందు దీన్ని వాడుకోవాలి. తప్పు పడిన బిల్లును సవరించవచ్చు, మరిచిపోయిన బిల్లును చేర్చవచ్చు. సవరించిన అంకె తనంతట తానే 3బీలోకి వస్తుంది.

మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఒక నెలకు 1ఏ ఒక్కసారే వేయగలరు. కాబట్టి తప్పులన్నీ ఒకేసారి ఏరి పెట్టుకోండి. 3బీ దాఖలు చేశాక 1ఏ తలుపు మూసుకుపోతుంది. కొనుగోలుదారు జీఎస్‌టీ నంబరే తప్పు పడితే 1ఏలో మార్చలేరు, తర్వాతి నెల జీఎస్‌టీఆర్-1లోనే సవరించాలి. ఇంకొక మాట: 1ఏలో చేర్చిన బిల్లు మీ దగ్గర కొన్నవారికి తర్వాతి నెల క్రెడిట్‌లో కనిపిస్తుంది. వారు ఫోన్ చేసి అడగకముందే మీరే చెప్పడం మంచిది.

కొనుగోళ్ల సంగతేంటి?

మీకు సరుకు అమ్మినవారు పోర్టల్‌లో పెట్టిన బిల్లులన్నీ ఐఎంఎస్ అనే పేజీలో కనిపిస్తాయి. ఇది 2024 అక్టోబర్ 14 నుంచి నడుస్తోంది. ఒక్కో బిల్లుకు మూడు దారులు: అంగీకరించడం, తిరస్కరించడం, పెండింగ్‌లో ఉంచడం. సరుకు అంది, లెక్క సరిపోతే అంగీకరించండి. మీది కాని బిల్లయితే తిరస్కరించండి. సరుకు ఇంకా దారిలో ఉంటే పెండింగ్‌లో పెట్టండి.

ఏమీ నొక్కకపోతే? అంగీకరించినట్టే లెక్క. ఇక్కడే జాగ్రత్త కావాలి. వేరే దుకాణం బిల్లుకు పొరపాటున మీ నంబరు పడి, మీరు చూడకపోతే, ఆ క్రెడిట్ మీ ఖాతాలోకి వచ్చేస్తుంది. అందని సరుకు మీద క్రెడిట్ వాడుకుంటే తర్వాత ఏడాదికి 18 శాతం వడ్డీతో తిరిగి కట్టాల్సి రావచ్చు.

క్రెడిట్ లెక్క చెప్పే జీఎస్‌టీఆర్-2బీ నెలనెలా 14వ తేదీన తయారవుతుంది. ఆ తర్వాత ఐఎంఎస్‌లో ఏదైనా మార్చితే 2బీని మళ్లీ లెక్కించమని మీరే నొక్కాలి. ఆ తర్వాతే 3బీ వేయాలి. సరుకు వాపసు చేసినప్పుడు వచ్చే క్రెడిట్ నోట్లను 2025 అక్టోబర్ నుంచి ఒక నెల పాటు (మూడు నెలలకోసారి వేసేవారైతే ఒక త్రైమాసికం) పెండింగ్‌లో పెట్టుకునే వీలు ఇచ్చారు.

సరుకు బళ్లారి నుంచి తెస్తే?

గుత్తి రెండు జాతీయ రహదారుల మీద ఉంది. 44 మీద వెళ్తే ఒకవైపు కర్నూలు, హైదరాబాద్, మరోవైపు అనంతపురం, బెంగళూరు. 67 మీద గుంతకల్లు దాటి వెళ్తే బళ్లారి. అందుకే ఇక్కడి దుకాణాల కొనుగోలు బిల్లుల్లో మూడు రాష్ట్రాల నంబర్లు కనిపిస్తాయి. జీఎస్‌టీ నంబరులో మొదటి రెండు అంకెలు చూడండి: ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36, కర్ణాటక 29.

పక్క రాష్ట్రం నుంచి మీ దుకాణానికి వచ్చే సరుకు మీద ఐజీఎస్‌టీ పడాలి. బళ్లారి దుకాణంలో కౌంటర్ దగ్గర మీ నంబరు ఇవ్వకపోతే బిల్లులో సీజీఎస్‌టీ, కర్ణాటక ఎస్‌జీఎస్‌టీ వేసి ఇచ్చేస్తారు. ఆ పన్ను మీ గుత్తి రిజిస్ట్రేషన్‌లో క్రెడిట్‌గా పనికిరాదు. 37తో మొదలయ్యే మీ నంబరు చెప్పి, బిల్లు చేతికి రాగానే అక్కడే చూసుకోండి. ఇంటికొచ్చాక చూస్తే మార్పించడానికి మళ్లీ తిరగాలి.

సాఫ్ట్‌వేర్‌లో ఏం చూడాలి?

ట్యాలీ, బిజీ, జోహో బుక్స్... మీరు ఏది వాడినా చూసుకోవాల్సినవి ఇవే.

పన్ను రేట్లు: 2025 సెప్టెంబర్ 22 నుంచి రేట్లు మారాయి. డ్రిప్, స్ప్రింక్లర్ పరికరాలు 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్లు 18 నుంచి 5కి, సిమెంటు 28 నుంచి 18కి తగ్గాయి. మామూలు పీవీసీ పైపు మాత్రం 18లోనే ఉంది. ఒకే అల్మారాలోని రెండు సరుకులకు రెండు రేట్లన్నమాట. సరుకుల జాబితాలో పాత రేటు మిగిలిపోయిందేమో ఒక్కొక్కటీ చూడండి.

హెచ్‌ఎస్‌ఎన్ కోడ్: 2025 మే నుంచి జీఎస్‌టీఆర్-1లో కోడ్‌ను చేత్తో రాయడం కుదరదు, జాబితాలోంచి ఎంచుకోవాలి. వ్యాపారులకు అమ్మినవి, మామూలు కొనుగోలుదారులకు అమ్మినవి విడివిడిగా చూపాలి. టర్నోవర్ రూ.5 కోట్ల లోపైతే 4 అంకెలు, దాటితే 6 అంకెలు.

సరిపోల్చే నివేదిక: మీ కొనుగోలు పుస్తకాన్ని, 2బీని పక్కపక్కన పెట్టి తేడా చూపే సదుపాయం సాఫ్ట్‌వేర్‌లో ఉందేమో చూడండి. నెలకోసారి దాన్ని తీస్తే ఎవరు మీ బిల్లు అప్‌లోడ్ చేయలేదో తెలిసిపోతుంది.

పోర్టల్ అనుసంధానం: సాఫ్ట్‌వేర్ నేరుగా పోర్టల్‌తో మాట్లాడాలంటే మీ లాగిన్‌లో ఏపీఐ అనుమతి ఇవ్వాలి. అది గరిష్ఠంగా 30 రోజులే. డేటా రావడం ఆగిపోతే ముందు ఆ గడువు చూడండి. కొత్త వెర్షన్ వేసే ముందు పాత లెక్కలకు బ్యాకప్ తీసి పెట్టుకోండి.

ఫోన్ నంబరు: పోర్టల్‌లో నమోదైన మొబైల్ మీదా, మీ అకౌంటెంటుదా? ఓటీపీ వేరొకరి ఫోన్‌కు వెళ్తుంటే నోటీసు వచ్చినా మీకు తెలియదు. అకౌంటెంట్ ఎంత నమ్మకస్తుడైనా నంబరు మీదే ఉండాలి.

ఏ తేదీకి ఏం చేయాలి?

నెలనెలా వేసేవారికి జీఎస్‌టీఆర్-1 గడువు 11, 3బీకి 20. టర్నోవర్ రూ.5 కోట్ల లోపు ఉండి మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకున్నవారికి జీఎస్‌టీఆర్-1 గడువు 13. మన రాష్ట్రంలో వారి 3బీ గడువు 22. మధ్య నెలల్లో పన్ను మాత్రం 25లోగా కట్టాలి. 3బీ ఆలస్యమైతే రోజుకు రూ.50, ఏ లావాదేవీ లేకపోతే రోజుకు రూ.20.

నెలనెలా వేసేవారు ఇలా విభజించుకోండి. 10వ తేదీ లోపు అమ్మకాల జాబితాను బిల్లు పుస్తకంతో పోల్చండి. 14 తర్వాత ఒక పూట ఐఎంఎస్‌కు కేటాయించండి. 18 నాటికి 1ఏ అవసరమో లేదో తేల్చుకోండి. 20వ తేదీ రాత్రి దాకా ఆగితే దిద్దుకునే సమయం ఉండదు.

పెద్ద గడువులు రెండు. 2025-26 బిల్లుల క్రెడిట్ తీసుకోవడానికి 2026 నవంబర్ 30 ఆఖరు. వార్షిక రిటర్ను అంతకన్నా ముందే వేస్తే ఆ రోజే ఆఖరు. రెండోది, గడువు దాటి మూడేళ్లు గడిచిన ఏ రిటర్నునూ ఇక వేయలేరు. పాతవి మిగిలి ఉంటే ఈ వారమే చూడండి.

ఇవన్నీ అందరికీనా?

కాదు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవారు ఏడాది టర్నోవర్ రూ.40 లక్షలు దాటితేనే రిజిస్టర్ కావాలి. అయితే బళ్లారికో హైదరాబాద్‌కో సరుకు అమ్మితే ఈ పరిమితి వర్తించదు. కాంపోజిషన్ పథకంలో ఉన్నవారు 3బీ వేయరు. వారికి ఇతర రాష్ట్రాలకు అమ్మే వీలూ, కొనుగోళ్ల మీద క్రెడిట్ తీసుకునే వీలూ లేవు.

పోర్టల్‌లో చిక్కు వస్తే జీఎస్‌టీ హెల్ప్‌డెస్క్ టోల్‌ఫ్రీ నంబరు 1800-103-4786. ఫిర్యాదు నంబరు తప్పక రాసి పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్ మీరిచ్చిన అంకెనే పోర్టల్‌కు చేరవేస్తుంది. దాన్ని సరిచూడాల్సింది మీరే, అదీ 3బీ బటన్ నొక్కకముందే.