దుష్టుని చావుపై సంతోషగీతం: అవినాశి నుంచి ఎట్టయపురం దాకా

దుష్టుడు చచ్చినప్పుడు జనం సంతోషంతో పాడుకొనే పాటలు మనకు కొత్తవి కావు. నరకుని వధ దీపావళికి, మహిషుని వధ దసరాకు మూలకథలు. అయితే చంపిన వీరుణ్ణి పొగడడం వేరు, చచ్చినవాడి మీద చిందులు వేయడం వేరు. ఈ రెంటికీ నడుమ గీత ఎక్కడ గీయాలన్నదే ఈ చిన్న వ్యాసంలో పరిశీలించదలచిన విషయం. కోయంబత్తూరు, మధుర సీమల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారి పరిసరాల్లోనే ఈ చర్చకు తగిన సామగ్రి ఉంది.

ముందుగా అవినాశి. కోయంబత్తూరుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, 2009లో ఏర్పడిన తిరుప్పూరు జిల్లాలో ఉన్న ఈ ఊరికి తిరుప్పుక్కొళియూరు అని పూర్వనామం. సుందరమూర్తి నాయనారు ఇక్కడ చేసిన అద్భుతాన్ని 12వ శతాబ్దంలో సేక్కిళారు పెరియపురాణంలో చెప్పాడు. సుందరుడు ఈ ఊరి వీధిలో నడిచి వస్తుంటే ఒక ఇంట మంగళధ్వనులు, ఎదురింట ఏడుపు వినిపించాయట. ఐదేళ్ల వయసు బాలురు ఇద్దరు ఒకనాడు చెరువుకు స్నానానికి వెళ్లారు. ఒకణ్ణి మొసలి మింగింది. రెండోవాడు బతికి బయటపడ్డాడు. ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఆ రెండోవానికి ఉపనయనం. తమ బిడ్డ ఉంటే వాడికీ ఈపాటికి ఒడుగు అయ్యేది కదా అని ఎదురింటివారి దుఃఖం.

ఇక్కడ గమనించవలసింది సుందరుడు పాడిన పాట స్వభావం. మొసలిని చంపమని ఆయన అడగలేదు. యముని చేతా, మొసలి చేతా బిడ్డను తిరిగి ఇప్పించమని శివుణ్ణి అడిగాడు. మొసలి బాలుణ్ణి ఒడ్డుకు తెచ్చి విడిచింది. బాలుడు గడిచిన ఏళ్ల వయసుతోనే వచ్చాడు. కథలో దుష్టజంతువుంది, దుఃఖముంది, పాట ఉంది. చావు మీద పండుగ మాత్రం లేదు. మంగళధ్వనులు వినిపించిన ఇంటివారు తప్పు చేశారని కూడా పురాణకర్త అనలేదు. వీధిలో నడిచేవాడికి రెండిళ్ల ధ్వనులూ వినిపించాలన్నదే అందులోని నీతి అని నాకు తోస్తుంది.

మన పురాణకథలు కూడా ఈ రెండో ధ్వనిని తుడిచివేయలేదు. పోతన భాగవతం దశమస్కంధంలో నరకవధ ఉత్సాహభరితమైన ఘట్టం. సత్యభామ యుద్ధం తెలుగువారికి కంఠస్థం. కాని నరకుడు కూలిన వెంటనే భూదేవి వస్తుంది. ఆమె చచ్చినవాడి తల్లి. అదితి కుండలాలు తిరిగి అప్పగించి, నరకుని కొడుకు భగదత్తునికి అభయం ఇమ్మని వేడుకొంటుంది. కృష్ణుడు ఇస్తాడు. దీపావళి జరుపుకోవాలన్నది ఆ తల్లి కోరికే అని లోకంలో వాడుక కూడా ఉంది. చచ్చినవాడి తల్లి అనుమతి లేనిదే పండుగ చేయడానికి జనానికి మనసు ఒప్పలేదన్న మాట. రామాయణంలోనూ అంతే. మండోదరి విలాపం, రావణుని అంత్యక్రియలు అయిన తరువాతనే విభీషణుని పట్టాభిషేకం. పగ చావుతో ముగిసిందని రాముడే విభీషణునికి నచ్చజెప్పాడు.

దీనికి బలమైన ఆక్షేపణ అవినాశికి పొరుగునున్న ఈరోడులోనే పుట్టింది. పెరియార్ ఇ.వె. రామసామి (1879–1973) దీపావళిని ఒక జాతి ఓటమిని ఆ జాతి చేతనే పండుగగా చేయించే కథ అని ఖండించారు. అసురులంటే ద్రావిడులే అన్న ఆయన వాదాన్ని అంగీకరించినా, అంగీకరించకపోయినా, ఆయన వేసిన ప్రశ్న నిలిచే ఉంది: ఎవరిని దుష్టుడనాలో నిర్ణయించేది ఎవరు?

పురాణం నుంచి చరిత్రకు వస్తే ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. 1799 అక్టోబరు 16న కయత్తారులో పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మనను మేజర్ బానర్‌మన్ ఉరితీయించాడు. చుట్టుపట్ల పాలెగాండ్రను పిలిపించి వారి కళ్లెదుటనే ఆ శిక్ష అమలు జరిపించాడు. కంపెనీ లెక్కలో ఆనాటి దుష్టుడు కట్టబొమ్మన. ఇప్పటి జనం లెక్కలో దుష్టుడు కంపెనీకి తోడ్పడిన ఎట్టయపురం ఎట్టప్ప. ఇద్దరూ తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకులే. ఎట్టప్ప అనేది ఒక్కడి పేరు కాదు, ఆ వంశపాలకులందరూ ధరించిన పేరు. అది తమిళంలో ద్రోహికి పర్యాయపదమైంది. 1959లో వచ్చిన ‘వీరపాండియ కట్టబొమ్మన్’ చలనచిత్రం ఆ కథను ఇంటింటికీ చేర్చింది. అదే ఎట్టయపురం సంస్థానం ముత్తుస్వామి దీక్షితులకు ఆఖరి రోజుల్లో ఆశ్రయమిచ్చింది. 1904లో సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగులో అచ్చువేయించింది. ఒక్క తిట్టుపదంతో ఒక వంశాన్ని మూసివేసినప్పుడు ఈ పుటలు కూడా మూతపడతాయి.

ఇది మనకే పరిమితమైన చిక్కు కాదు. 2013 ఏప్రిల్‌లో మార్గరెట్ థాచర్ మరణించినప్పుడు, 1939 నాటి ‘ది విజార్డ్ ఆఫ్ ఆజ్’ చిత్రంలోని మంత్రగత్తె చావు పాటను ఆమె విరోధులు పనిగట్టుకొని కొన్నారు. అది బ్రిటన్ పాటల పట్టికలో రెండో స్థానానికి ఎక్కింది. బి.బి.సి. రేడియో ఆ పాట పూర్తిగా వేయక, కొన్ని క్షణాల ముక్క వినిపించి ఊరుకొంది. గనులు మూతపడి బతుకు చెడిన వారి కోపం నిజమైనదే. అయితే కథలోని మంత్రగత్తెకు పిల్లలు లేరు. థాచర్‌కు ఉన్నారు. పాత కథ కోసం కట్టిన పాటను నిన్న చనిపోయిన మనిషికి అతికించడంలో ఉన్న తేడా అదే.

కనుక భయం తీరిన సంతోషాన్ని పాడుకోవడం తప్పు కాదు. పీడ పడ్డవారిని మీరు నవ్వకూడదని చెప్పే అధికారం ఎవరికీ లేదు. ఆ పాట చచ్చినవాడి శరీరాన్నీ, ఇంటినీ, బతికున్న వారసులనూ ఎగతాళి చేసే చోట హద్దు దాటుతుంది. కోయంబత్తూరు, మధుర సీమల తెలుగు ఇళ్లలో పాటలు సేకరించే మన విద్యార్థులు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి. జయగీతం దొరికిన ఊళ్లో ఓడినవారి పక్షాన ఏదైనా శోకగీతం ఉందేమో అడిగి రాసుకోవాలి. పాడిన ఇంటితో పాటు ఎదురిల్లు ఎవరిదో కూడా తెలుసుకోవాలి.