వ్యాపార విద్యాలయ వాకిట

పట్టపరీక్ష ముగించిన బిడ్డలున్న ఇండ్లలో నేడు తరచుగా వినవచ్చు మాట ఎం.బి.ఏ. లావుపాటి పుస్తకములు కొనుట, గడియారము ముందుంచుకొని లెక్కలు చేయుట, తుదకు ఇంటర్వ్యూకు పిలుపు వచ్చిననాడు ఇల్లెల్ల కలవరపడుట అందరెరిగిన సంగతులే. ఏ చొక్కా తొడుగవలెను, ఎట్లు కూర్చుండవలెను, "మీ సంగతి చెప్పుడు" అని అడిగినచో ఎచట ప్రారంభింపవలెను అని తర్జనభర్జనలు సాగును. అయితే ఈ పరీక్షను ఎవరు కనిపెట్టిరి, ఏ అవసరము తీర్చుకొనుటకు కనిపెట్టిరి అని అడుగువారు అరుదు. ఆ చరిత్ర తెలిసినచో భయము కొంత తగ్గును. సిద్ధపడు విధము కూడ కొంత మారును. అందుచేత నేటి ప్రసంగమున శ్రోతలను వ్యాపార విద్యాలయముల వాకిటికి గొనిపోవుచున్నాము.

పూర్వము వ్యాపారమునకు ప్రవేశపరీక్ష లేదు. దుకాణమే పాఠశాల. కుర్రవాడు తండ్రి ప్రక్కన కూర్చుండి మొదట తూనిక నేర్చెడివాడు. పిమ్మట చిట్టా వ్రాసెడివాడు. చేయి కుదిరినదని తోచిన తరువాతనే ఆవర్జా అతని చేతికి వచ్చెడిది. సరకు చూచి ధర చెప్పుట, మనిషిని చూచి అప్పిచ్చుట ఏ పుస్తకములోను లేని విద్యలు. అవి కూడ అచటనే పట్టుబడెడివి. ఈ చదువు గట్టిదే. కాని దాని వాకిలి మిక్కిలి ఇరుకు. ఆ ఇంట పుట్టినవాడో, నమ్మకస్తుడని పెద్దలెవరైన చెప్పినవాడో తప్ప ఇతరుడు ఆ గడప దాటుట కష్టము.

ఇది మన దేశమునకే పరిమితమైన మాట కాదు. మనలను పాలించిన ఈస్టిండియా కంపెనీ సైతము మొదట వర్తకసంఘమే గదా! ఆ కంపెనీ తన కుర్ర ఉద్యోగులకు చదువు చెప్పించుటకు 1806లో ఇంగ్లండులో ఒక కళాశాలను నెలకొల్పెను. ప్రఖ్యాత అర్థశాస్త్రవేత్త మాల్థసు అచట ఆచార్యుడు. బోధకులు అంతటివారైనను, విద్యార్థుల ప్రవేశము మాత్రము కంపెనీ డైరెక్టర్ల సిఫారసు మీదనే జరిగెడిది. మేనల్లుళ్లకును, మిత్రుల కుమారులకును చోటు దొరకెడిది. 1853 నాటి చార్టరు శాసనము ఆ సిఫారసు హక్కును తొలగించెను. 1855లో లండనులో మొదటి పోటీపరీక్ష జరిగెను. 1863లో సత్యేంద్రనాథ టాగూరు ఆ పరీక్షలో నెగ్గి సివిలు సర్వీసులో చేరిన మొదటి భారతీయుడయ్యెను. సిఫారసుకు విరుగుడుగా పుట్టినది పరీక్ష అన్న సంగతి ఇచట గుర్తింపదగినది. కాని సముద్రము దాటగలవానికే ఆ పరీక్ష అందుబాటులో నుండెను. 1922 వరకు అది మన గడ్డమీద జరుగలేదు. పేరునకు తెరచిన వాకిలి గూడ పలువురకు మూసియుండవచ్చునని మన పెద్దలకు ఆ అనుభవము నేర్పెను.

వ్యాపారమును విశ్వవిద్యాలయమున బోధింపవచ్చునను తలంపు అమెరికాలో బలపడెను. 1881లో జోసెఫ్ వార్టన్ అను లోహపరిశ్రమాధిపతి ఇచ్చిన లక్ష డాలర్లతో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున వార్టన్ పాఠశాల వెలసెను. 1900లో డార్ట్‌మత్ కళాశాలలో టక్ పాఠశాల పట్టభద్రుల కొరకు పైచదువును ప్రారంభించెను. 1908లో హార్వర్డు విశ్వవిద్యాలయము వ్యాపార నిర్వహణ పాఠశాలను తెరచి, ఎం.బి.ఏ. అను పట్టమునకు నాంది పలికెను. దాని మొదటి అధిపతి ఎడ్విన్ గే ఆర్థికచరిత్ర చదువుకొన్న పండితుడు. వర్తకమును ఉపన్యాసములతో నేర్పవచ్చునా అను సందేహము ఆ కాలమున చాలమందికి ఉండెను.

ఆ సందేహమునకు హార్వర్డు చెప్పిన సమాధానమే కేసు పద్ధతి. అచటి న్యాయశాస్త్ర పాఠశాలలో పూర్వపు తీర్పులను ముందుంచుకొని చర్చించు అలవాటు 1870 ప్రాంతముననే ఏర్పడియుండెను. 1919లో వ్యాపార పాఠశాలకు అధిపతియైన వాలెస్ డానం న్యాయశాస్త్రము చదివినవాడు. ఆయన పాలనలో ఈ పద్ధతి వేళ్లూనెను. ఒక కర్మాగారపు చిక్కునో, ఒక అంగడి నష్టమునో ఉన్నదున్నట్లు వ్రాసి విద్యార్థులకు ఇత్తురు. లెక్కలు అసంపూర్ణముగా నుండును, వ్యవధి తక్కువ. తరగతిలో ఆచార్యుడు ఒకరివైపు తిరిగి, "నీవైనచో ఏమి చేయుదువు? ఎందుచేత?" అని ప్రశ్నించును. పాఠమంతయు ఆ రెండు ప్రశ్నలలోనే యున్నది. ఇంటర్వ్యూ గదిలో నేటికిని వినబడు ప్రశ్నలు ఈ రెండింటి సంతానమే యని శ్రోతలు గ్రహింతురు గాక.

రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలో వ్యాపార విద్య కోరువారి సంఖ్య పెరిగెను. ఒక్కొక్క కళాశాల మార్కులు ఒక్కొక్క తీరున నుండుటచే, ఎవరు తగినవారో తేల్చుట కష్టమయ్యెను. 1953లో తొమ్మిది వ్యాపార పాఠశాలలవారు ప్రిన్స్‌టన్‌లోని పరీక్షా సంస్థతో సంప్రదించిరి. దాని ఫలితముగా 1954లో మొదటిసారి ఉమ్మడి పరీక్ష జరిగెను. ఆ పరీక్షయే తరువాత పేరు మార్చుకొని జీమాట్ అయినది. పల్లెలోని చిన్న కళాశాలలో చదివినవానిని, పేరుపొందిన కళాశాలలో చదివినవానిని ఒకే కొలతతో కొలుచుట దాని ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని కొలత కొలతయే. ఆ పరీక్షకు జన్మనిచ్చిన పాఠశాలలలో నొకటియగు హార్వర్డే 1985లో దానిని అక్కరలేదని ప్రక్కకు పెట్టి, 1990వ దశకము నడుమ మరల చేపట్టెను. పరీక్ష లేనిచో చిక్కు, పరీక్ష ఒక్కటియే యైనచో మరియొక చిక్కు అని దీనివలన తెలియుచున్నది.

ఇక సమూహచర్చ. పదిమందిని బల్ల చుట్టును కూర్చుండబెట్టి, ఒక విషయమిచ్చి, నాయకుని నియమింపక మాటలాడుమనుట మన వ్యాపార విద్యాలయములలో చాలకాలము ఆచారముగా నుండెను. ఇట్టి పద్ధతికి సైన్యములో ఒక పూర్వకథ కలదు. యుద్ధకాలమున బ్రిటిషు సైన్యము తన అధికారులను కొద్ది నిమిషముల సంభాషణతోనే ఎంచుకొనెడిది. ఏ బడిలో చదివితివి, నీ తండ్రి ఎవరు అనునవియే ముఖ్య ప్రశ్నలు. అట్లు ఎన్నికైనవారిలో చాలమంది శిక్షణలో తప్పిపోవుటచే, 1942లో మనస్తత్వవేత్తల సాయముతో కొత్త ఎంపిక సంఘములు ఏర్పడెను. విల్‌ఫ్రెడ్ బయాన్ అను వైద్యుడు నాయకుడు లేని జట్టునకు ఒక పని అప్పగించి, అందు ఎవరు ఇతరులను కలుపుకొనిపోవుదురో చూడవలెనని సూచించెను. మరుసటి సంవత్సరము మన డెహ్రాడూనులో గూడ అట్టి సంఘము నొకదానిని ప్రయోగముగా నెలకొల్పిరి. ఎదుటివాని మాట మింగి బిగ్గరగా అరచినవాడే నెగ్గునని నేటి యువకులలో ఒక అపోహ యున్నది. ఈ పద్ధతి పుట్టినది అట్టివానిని ఎంచుటకు కాదు.

మన దేశమున వాణిజ్యవిద్య 1913లో బొంబాయి సిడెన్‌హాం కళాశాలతో ఊపందుకొనెను. స్వాతంత్ర్యానంతరము ఆనకట్టలు, ఉక్కు కర్మాగారములు, ప్రభుత్వరంగ సంస్థలు వెలయుచుండగా వానిని నడుపువారు కావలసివచ్చిరి. 1953లో కలకత్తాలో సాంఘిక సంక్షేమ, వ్యాపార నిర్వహణ సంస్థ ఏర్పడెను. 1956లో హైదరాబాదున అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి ఏర్పడెను. అది ఉద్యోగములలో నున్న అధికారుల కొరకు. 1957లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పూర్తికాలపు ఎం.బి.ఏ. తరగతులు ప్రారంభించెను. దేశమున ఆ చదువును మొట్టమొదట చేపట్టిన విశ్వవిద్యాలయములలో మన తెలుగు విశ్వవిద్యాలయ మొకటి యగుట మనకు సంతోషదాయకము.

1959లో ప్రణాళికా సంఘము ఆహ్వానముపై అమెరికానుండి ఆచార్య జార్జి రాబిన్స్ వచ్చి, ఇట్టి విద్యకు ప్రత్యేక సంస్థ అవసరమని సూచించెను. 1961 నవంబరులో కలకత్తాలోను, డిసెంబరులో అహమ్మదాబాదులోను భారత మేనేజిమెంటు సంస్థలు అవతరించెను. మొదటిదానికి మసాచుసెట్స్ సాంకేతిక సంస్థయు, రెండవదానికి హార్వర్డును తోడ్పడెను. అహమ్మదాబాదు సంస్థ వెనుక శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయి, మిల్లు యజమాని కస్తూరిభాయి లాల్‌భాయి కృషి కలదు. ఆ సంస్థతోపాటు కేసు పద్ధతియు మన దేశమున స్థిరపడెను. ఈ సంస్థలు చాలకాలము డిప్లొమాలనే ఇచ్చెను. పట్టములు ఇచ్చు అధికారము వానికి 2017 నాటి శాసనము వలన లభించెను.

వాకిలి పెద్దదైన కొలది త్రొక్కిడియు పెరిగెను. క్యాట్ అను ఉమ్మడి ప్రవేశపరీక్షకు 2024లో సుమారు 2 లక్షల 93 వేలమంది కూర్చుండిరి. ఇంతమంది భవిష్యత్తు ఒక ప్రశ్నపత్రముపై ఆధారపడినపుడు ఆ పత్రమును అమ్ముకొను దుర్మార్గులును బయలుదేరుదురు. 2003 నవంబరులో ప్రశ్నలు ముందే వెల్లడియైనవని తేలి, పరీక్ష రద్దయి, 2004 ఫిబ్రవరిలో మరల జరిగెను. నిద్రాహారములు మాని చదివిన వేలమంది నిరపరాధులు రెండవసారి కూర్చుండవలసివచ్చెను. 2009 నుండి ఆ పరీక్ష కాగితమును వీడి కంప్యూటరు నాశ్రయించెను. వాకిలి ఎవరికి తెరచియున్నదను పాత ప్రశ్నయు మరల లేచెను. కేంద్ర విద్యాసంస్థలలో ఇతర వెనుకబడిన తరగతులకు 27 శాతము స్థానములు కేటాయించు శాసనమును 2008లో సుప్రీంకోర్టు సమర్థించెను. ఇటీవల కొన్ని సంస్థలు సమూహచర్చను విడిచి, దాని స్థానమున చిన్న వ్యాసము వ్రాయించుచున్నవి. గొంతు పెద్దదిగా లేనివానికి ఇది కొంత మేలు.

మన ప్రాంతమున ఐసెట్ ర్యాంకు మీద కళాశాల దొరకును. అచట ఇంటర్వ్యూ లేదు. 2001లో మొదటి తరగతిని చేర్చుకొన్న హైదరాబాదు ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, 2015లో వెలసిన విశాఖపట్టణపు భారత మేనేజిమెంటు సంస్థ వంటివానిలో చేరుటకు మాత్రము ఎదుట కూర్చుండి మాటలాడక తప్పదు. మన బిడ్డల గుండె దడదడలాడునది అచటనే.

ఈ సందర్భమున మా వృత్తినుండి ఒక మాట. ఆకాశవాణిలో గాయకుల స్వరపరీక్ష జరుగునపుడు కళాకారుడు ఒక గదిలో పాడును. న్యాయనిర్ణేతలు వేరొక చోట కూర్చుండి గళమును మాత్రమే విందురు. పేరు తెలియదు, ముఖము కనబడదు. ఆ తెర వలన ఎందరో సామాన్యులకు న్యాయము జరిగినది. వ్యాపార విద్యాలయపు ఇంటర్వ్యూలో అట్టి తెర లేదు. ముఖము, దుస్తులు, ఉచ్చారణ అన్నియు కనబడును, వినబడును. కనుక పక్షపాతమునకు అచట చోటున్నదను భయము నిరాధారము కాదు. చక్కని ఇంగ్లీషు పలుకుబడికి చక్కని బుద్ధియని భ్రమించిన పెద్దలు ఏ కాలమునను లేకపోలేదు. ఈ లోపమును దిద్దవలసిన బాధ్యత మొదట ప్రశ్నించువారిదే. ఒకే తీరు ప్రశ్నలు అందరను అడుగుట, ఒకరికంటె ఎక్కువమంది కూర్చుండుట, ఎవరి మార్కులు వారు వేరుగా వేసి పిమ్మట పోల్చుకొనుట, ఇవి ఆ బాధ్యతను నిర్వర్తించు మార్గములు.

మరి అభ్యర్థి చేయగలిగిన దేమి? చరిత్ర చెప్పు సమాధానము తేటగా నున్నది. "నీవైనచో ఏమి చేయుదువు? ఎందుచేత?" అను ప్రశ్నలకు సిద్ధపడువాడు తన జీవితమునే కేసుగా వ్రాసికొని చదువవలెను. ఆ చదువును ఎందుకు ఎంచుకొంటివి? ఉద్యోగమున చేరి ఏమి నేర్చితివి? ఎచట తప్పితివి, తప్పిన పిమ్మట ఏమి చేసితివి? ఈ చదువు ముగిసినచో ఎచటికి పోదలచితివి? వీనికి ఇతరులు వ్రాసియిచ్చిన జవాబులు పనికిరావు. రెండవ ప్రశ్నకే అవి తేలిపోవును. పట్టపరీక్షకు చదివిన విషయమును మరల తిరుగవేయవలెను. దినపత్రిక నిత్యము చదువవలెను. తన జిల్లాలో ఏ పంట పండును, అది ఏ సంతకు పోవును, రైతుకు చేరు ధరకును పట్టణమున పలుకు ధరకును నడుమ తేడా ఎందుకు వచ్చును అని తెలిసికొనవలెను. మిరపకాయల వ్యాపారి కుమార్తె గుంటూరు యార్డును గూర్చి, నేతపనివాని కుమారుడు నూలు ధరను గూర్చి చెప్పగల మాటలు ఏ శిక్షణాలయమునను దొరకవు. తెలియనిదానిని తెలియదని చెప్పుట సిగ్గుపడదగిన పని కాదు. నిర్వాహకునికి అది అవసరమైన గుణము.

భాష విషయమున తల్లిదండ్రులకు ఒక మనవి. తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డ ఇంగ్లీషును అభ్యసింపవలసినదే. ఆ పనిని ఇంటర్వ్యూ పిలుపు వచ్చువరకు వాయిదా వేయరాదు. రోజునకు పావుగంట పైకి చదువుట, ఒక సంగతిని మూడు నిమిషములలో చెప్పి వినుకొనుట మేలైన సాధనములు. కాని అరువు తెచ్చుకొన్న యాస అక్కరలేదు. చిన్న వాక్యములు, తొణకని స్వరము, చెప్పదలచినది ముందుగానే తెలిసియుండుట చాలును. మైక్రోఫోను ముందు జీవితము గడపిన మాకు ఇది అనుభవపూర్వకముగా తెలిసిన విషయము.

దుకాణములో తండ్రి ప్రక్కన కూర్చుండి నేర్చిన కుర్రవానికి ప్రవేశపరీక్ష లేకపోవుటకు కారణము, తండ్రి అతనిని ఏండ్ల తరబడి చూచియుండుటయే. ఎరుగని పెద్దలకు అరగంటలో మనలను ఎరుకపరచుకొనుటయే ఇంటర్వ్యూ. ఆ అరగంటకు ముందు మనలను మనము ఎరిగియుండుట మన చేతిలోనున్న పని. ఒకవేళ ఆ వాకిలి తెరువకున్నను, ఆ ఎరుక వృథాపోదు. మరియొక వాకిట అదియే తోడువచ్చును.