రెండు గదుల ఇంటికి ఒక గుమ్మెట

బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలోని తారానగర్ దగ్గర నారిహళ్ళ వాగుకు ఆనకట్ట ఉంది. చుట్టూ ఇనుము, మాంగనీసు నిండిన ఎర్రకొండలు. వాగు అక్కడితో ఆగదు, దిగువకు సాగి దరోజి చెరువులో కలుస్తుంది. దరోజి అనగానే చాలామందికి 1994లో ఏర్పాటైన ఎలుగుబంట్ల అభయారణ్యం గుర్తుకొస్తుంది. పాట మీద ప్రేమ ఉన్నవాళ్ళకు మాత్రం ముందుగా ఒక మనిషి గుర్తుకొస్తుంది. ఆమె బుర్రకథ ఈరమ్మ.

ఈరమ్మ బుడగ జంగాల ఇంటి ఆడబిడ్డ. ఆ కులంవాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు, ఊళ్ళో కథ చెప్పేది వినేవాళ్ళ భాషలో. ఆమె బడికి వెళ్ళలేదు. రాత్రుల తరబడి సాగే కథలను కాగితం ముక్క లేకుండా పాడేది. కంపిలి రాజకుమారుడు కుమారరాముడి కథ, బబ్బులి నాగిరెడ్డి కథ, బాలనాగమ్మ కథ అన్నీ ఆమె నోట ఉండేవి. 1327లో ఢిల్లీ సైన్యం చేతిలో కూలిన కంపిలి రాజ్యం వీళ్ళకు పుస్తకంలో చదివిన చరిత్ర కాదు, పొరుగూరి సంగతి. హంపీ కన్నడ విశ్వవిద్యాలయం ఆమెకు నాడోజ గౌరవం ఇచ్చింది. 2014 ఆగస్టులో ఆమె కన్నుమూసింది.

ఆమె కథకు కావలసిన సరంజామా అంతా ఒక మూటలో పట్టేది. చేతిలో తంబుర, వేళ్ళకు గలగలలాడే అందెలు, పక్కన వంతపాడే ఆడవాళ్ళ దగ్గర చంకకు వేలాడే చిన్న డోళ్ళు, అంతే. చిన్న ఇంట్లో సరదాగా వాయించుకోవడానికి ఏ డోలు కొనాలా అని వెతికే మనిషి ముందుగా ఈ మూటను గమనించాలి. సంచార కళాకారుడి ఇంటికంటే చిన్న ఇల్లు ఇంకెక్కడుంటుంది? గుడారంలో, చెట్టు కింద, గుడి అరుగు మీద ఉంటూ, వానకు తడిసి ఎండకు ఆరుతూ, గాడిద మీదో భుజం మీదో మోసుకుపోగలిగిన వాయిద్యాన్ని ఈ కుటుంబాలు తరాల అనుభవంతో ఎంచుకున్నాయి. ఆ ఎంపికను మించిన సలహా ఏ దుకాణంలోనూ దొరకదు.

ఆ డోలునే తెలుగునాట గుమ్మెట అంటారు. కొన్నిచోట్ల డక్కీ అనీ, బుడికె అనీ అంటారు. మట్టితో గానీ ఇత్తడితో గానీ చేసిన కుండ అది, రెండు వైపులా నోరు ఉంటుంది. పెద్ద నోటికి తోలు బిగిస్తారు, చిన్న నోటిని తెరిచి వదిలేస్తారు. కిటుకంతా ఆ తెరిచిన నోట్లోనే ఉంది. కుడిచేతి వేళ్ళు తోలు మీద పడగానే ఎడమ అరచేయి వెనక నోటిని మూస్తుంది, తెరుస్తుంది. మూస్తే శబ్దం లోపలే ఉండిపోయి అణిగిపోతుంది. తెరుస్తూ పోతే ‘గుం’ అని ఉబ్బుతూ బయటికొస్తుంది. కుండలోని గాలే ఈ వాయిద్యానికి రెండో తీగ. కొత్తగా పట్టినవాడు మొదటిరోజే నాలుగు రకాల శబ్దాలు పలికించగలడు. గొంతుతో పాటు నడిచే వాయిద్యం కాబట్టి, పాట పాడుతూ వాయించుకునేవాళ్ళకు ఇంతకన్నా అనువైన తోడు లేదు.

మన నాటి బుర్రకథలో ఈ గుమ్మెట ఎంత పని చేసిందో షేక్ నాజర్ జీవితం చెబుతుంది. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన నాజర్ ప్రజానాట్యమండలి వేదికల మీద బుర్రకథను ఉద్యమ గొంతుగా మార్చాడు. కథకుడు మధ్యలో తంబురతో అడుగులేస్తుంటే అటూ ఇటూ ఇద్దరు వంతలు గుమ్మెటలతో నిలబడతారు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. వేలమంది గుమిగూడిన మైదానాన్ని ముగ్గురు మనుషులు, రెండు కుండలు, ఒక తంబుర కట్టిపడేశాయి. ప్రభుత్వాలు భయపడి నిషేధించేంత బలం ఆ కథకు వచ్చింది. అదే నాజర్‌కు 1986లో పద్మశ్రీ ఇచ్చారు.

గుమ్మెటకు బంధువులు దూరంగానే ఉన్నారు. పడమటి కనుమలు దాటితే ఉత్తర కన్నడ తీరంలో దాన్ని గుమటె అంటారు. గోవాలో అది ఘుమట్, 2019లో ఆ రాష్ట్రం దాన్ని తన వారసత్వ వాయిద్యంగా ప్రకటించింది. అక్కడివాళ్ళు ఒకప్పుడు కుండ నోటికి ఉడుము తోలు బిగించేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉడుమును మొదటి షెడ్యూలులో పెట్టి కాపాడుతోంది. దాంతో మేకతోలు వచ్చింది. మేకతోలుకు ఆ పాత నాదం రాదని మొదట్లో పెదవి విరిచినవాళ్ళు ఉన్నారు, అయినా గోవా పండుగలు మేకతోలు ఘుమట్‌తోనే సాగుతున్నాయి.

ఉడుము మాట వచ్చింది కాబట్టి, అదే తోలుతో చేస్తూ వచ్చిన కంజీర గురించి చెప్పుకోవాలి. చిన్న ఇంటికి సరిపోయే రెండో వాయిద్యం ఇదే. పనసచెక్కతో చేసిన చట్రం, అడ్డంగా జానెడు లోపు, ఒక వైపు తోలు, చట్రంలో కోసిన సందులో రెండు మూడు నాణేలు, అంతే సరుకు. గోడకు మేకు కొట్టి తగిలించవచ్చు, పుస్తకాల మధ్య దోపవచ్చు. ఊరి భజన మందిరాల్లో తిరిగిన ఈ పళ్ళెం లాంటి వాయిద్యాన్ని 19వ శతాబ్దం చివర పుదుక్కోట్టైకి చెందిన మాన్‌పూండియా పిళ్ళై కర్ణాటక సంగీత కచేరీ ఎక్కించాడు. 1958లో పుట్టి 2002లో పోయిన జి. హరిశంకర్ ఒంటి చేతి వేళ్ళతో దాని మీద మృదంగం పలికే సంగతులన్నీ పలికించాడు. అంత చిన్న చట్రంలో అంత గంభీరమైన నాదం ఎలా వస్తుందని వింటున్నవాళ్ళు ఆశ్చర్యపోయేవారు.

జవాబు నీళ్ళలో ఉంది. పొడి కంజీర తట్టి చూడండి, రేకు మీద కొట్టినట్టు కీచుమంటుంది. తోలు లోపలి వైపు కాసిని నీళ్ళు చిలకరించి, వేళ్ళతో సమంగా రాసి, ఐదు పది నిమిషాలు పక్కన పెట్టాలి. తోలు నీరు తాగి మెత్తబడుతుంది. అప్పుడు మధ్యలో తట్టి, అంచుని ఎడమచేతి వేళ్ళతో నొక్కితే శబ్దం కిందికి జారుతూ గుమ్మని మోగుతుంది. నీళ్ళు ఎక్కువైతే మొద్దుబారుతుంది. బళ్ళారి వేసవి గాలికి పావుగంటలోనే ఆరిపోయి మళ్ళీ కీచుమంటుంది, మళ్ళీ తడపాలి. ఈ తడి లెక్క చేతికి అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది.

ఉడుము తోలు కంజీరలు ఇప్పటికీ చాటుగా చేతులు మారుతుంటాయి. కొనవద్దు. అది జైలు శిక్ష పడే నేరం, అంతకుమించి ఒక మూగజీవి ప్రాణం. మేకతోలువీ, కృత్రిమ తోలువీ దొరుకుతున్నాయి. కృత్రిమ తోలుకు వాన, ఎండ బాధ లేదు, ఇంట్లో మొదలుపెట్టేవాళ్ళకు అది చాలు.

ఇక తారానగర్ వైపు ఎక్కువగా వినిపించేది పలక. కన్నడంలో హలగె, తమటె అంటారు. పాత ‘ప’కారం కన్నడంలో ‘హ’ అయింది, పాలు హాలు అయినట్టే పలక హలగె అయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోంచి ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, మిగిలింది మైసూరుకు పోయింది. డోళ్ళకు ఆ గీత తెలియదు. గీతకు రెండు వైపులా అదే చట్రం, అదే తోలు, అదే మంట. మంట ఎందుకంటే, పలకను వాయించేముందు గడ్డిమంట మీద కాచి తోలు బిగిస్తారు. కుడిచేతిలో పొట్టి చిర్ర, ఎడమచేతిలో సన్నని చిటికెన పుల్ల. ఊరంతటికీ కబురు చేరేలా, శవయాత్ర దారి పొడవునా వినిపించేలా రూపొందిన వాయిద్యం అది. దాన్ని నాలుగు గోడల మధ్యకు తేవడం దానికీ అన్యాయం, పక్కింటికీ అన్యాయం. నేర్చుకోవాలంటే ఆరుబయట, తరతరాలుగా అది వాయించినవాళ్ళ దగ్గర నేర్చుకోవాలి.

మృదంగం సంగతి వేరు. అది ఇంట్లో వాయించుకునేదే కానీ సరదాగా వాయించుకునేది కాదు. రెండడుగుల పనస మొద్దు బరువు, స్థలం రెండూ అడుగుతుంది. కుడి మూత మీద నల్లటి కరణి ఉంటుంది. ఇనుము, మాంగనీసు ఉండే నల్లరాతి పొడిని అన్నంతో కలిపి నూరి, పొర మీద పొర వేసి రాయితో రుద్దుతారు. సండూరు కొండల కడుపులో ఉన్న ఖనిజాలు కూడా ఇవే కావడం ఆ ప్రాంతం వాళ్ళకు ముచ్చట గొలిపే సంగతి. ఈ నల్లబొట్టు ఏం చేస్తుందో సి.వి. రామన్ విప్పి చెప్పాడు. విశాఖపట్నంలో పెరిగిన రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలో శివకాళీ కుమార్‌తో కలిసి ఒక చిన్న వ్యాసం రాశాడు. మామూలు తోలు తడితే దాని ఉపస్వరాలు ఒకదానికొకటి పొంతన లేకుండా పుడతాయి. మధ్యలో పడిన ఆ బరువు వాటిని తీగ వాయిద్యంలో లాగా లెక్కలోకి తెస్తుంది. అందుకే మృదంగానికి, తబలాకు శ్రుతి కుదురుతుంది. 1934లో ఇదే విషయం మీద ఆయన మరింత వివరంగా రాశాడు.

శ్రుతి కుదిరే వాయిద్యానికి సేవ కూడా అంతే. ఎడమ మూతకు ప్రతిసారీ తడిపిన రవ్వముద్ద అంటించాలి, వాయించాక తీసి తుడవాలి. ఏడాదికోసారైనా మూతలు వేయించాలి, ఆ పని తెలిసినవాళ్ళు ప్రతి ఊళ్ళో లేరు. గురువు దగ్గర కూర్చునే ఉద్దేశం ఉంటే మృదంగమే కొనండి. సాయంత్రం పని నుంచి వచ్చి అరగంట చేతులు ఆడించుకోవడానికైతే వద్దు.

డోలక్ పలకకూ మృదంగానికీ మధ్య. ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహా నుంచి దేశమంతటికీ వెళ్తుంది. భజనలకు మహా బాగుంటుంది. నేల మీద పెట్టి మోకాలితో నొక్కి వాయిస్తారు, దాని మంద్రం నేలలోకి దిగి కింది వాటాకు నేరుగా చేరుతుంది. అద్దె ఇళ్ళల్లో గొడవలు పుట్టేది సాధారణంగా ఇక్కడే. గోడ ఆపగలిగిన శబ్దాన్ని నేల ఆపలేదు. గుమ్మెట, కంజీర చేతిలోనో ఒడిలోనో ఉంటాయి, నేలను తాకవు. వాటిని ముందు వరసలో నిలబెట్టడానికి ఇదే పెద్ద కారణం. ఘటం కూడా ఒడిలోదే. తోలు లేదు కాబట్టి వాతావరణం బాధ లేదు, కానీ మానామదురై మట్టిఘటం వేళ్ళను గట్టిగానే పరీక్షిస్తుంది.

చట్టం కూడా ఒక మాట చెబుతోంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే 10 గంటల నుంచి పొద్దున్న 6 దాకా. గుమ్మెటకు కూడా నోరు తక్కువేమీ కాదు. పొరుగింటితో ఉమ్మడి గోడకు దూరంగా కూర్చుని, తలుపు వేసుకుని, వెనక నోట్లో చేతిరుమాలు కుక్కితే శబ్దం సగానికి తగ్గినట్టు వినిపిస్తుంది. సాధనకు అది సరిపోతుంది.

సండూరు కొండల నుంచి కొద్ది దూరంలోనే హంపీ. మహానవమి దిబ్బ రాతి వరసల్లో ఏనుగులు, గుర్రాలతో పాటు నాట్యమాడే ఆడవాళ్ళు, డోళ్ళు వాయించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ డోళ్ళు మెడకో నడుముకో వేలాడుతుంటాయి. రాయల కాలంలోనూ వాయిద్యం మనిషి ఒంటి మీద ఇమిడేలాగే ఉండేదనడానికి ఆ రాళ్ళు సాక్ష్యం.

కొనేటప్పుడు చూడాల్సినవి ఎన్నో లేవు. మట్టి గుమ్మెటను చెవి దగ్గర పెట్టుకుని వేలిగోటితో కుండ మీద తట్టాలి. గంట మోగినట్టు ఖంగుమంటే కాల్పు బాగా కుదిరింది, బొంగురుగా పలికితే ఎక్కడో సన్నని పగులు ఉంది. తోలు అంచు చుట్టూ నాలుగు చోట్ల తట్టాలి, నాలుగూ ఒకేలా పలకాలి. ఇత్తడిది పడ్డా పగలదు, పిల్లలున్న ఇంటికి అదే మేలు, కాకపోతే బరువు. ఎండాకాలం కిటికీ పక్కన పెట్టకూడదు, తోలు బిగుసుకుపోయి చిరుగుతుంది. ముసురు పట్టినప్పుడు పొడిగుడ్డ చుట్టి బియ్యపు డబ్బా పక్కన ఉంచితే చాలు.

రెండు గదుల ఇంటికి తొలి డోలు మేకతోలు గుమ్మెటే. అది దొరకని చోట మేకతోలు కంజీర. గుమ్మెట పెద్ద దుకాణాల అద్దాల బీరువాల్లో అరుదుగా కనిపిస్తుంది. మీ దగ్గరి ఊళ్ళో బుర్రకథ చెప్పే కుటుంబం ఉంటే ముందు వాళ్ళ గడప తొక్కండి. కుండ ఎవరు చేస్తారో, తోలు ఎవరు బిగిస్తారో వాళ్ళకు తెలుసు, మొదటి నాలుగు దెబ్బలు చేయి పట్టుకుని నేర్పగలిగేదీ వాళ్ళే. ఆ పాఠానికి బేరమాడకుండా డబ్బిచ్చి రండి.