చీరాలలో ఇంటి చెత్త నిర్వహణ: చరిత్ర

చీరాల బాపట్ల జిల్లాలోని చేనేత పట్టణం. విజయవాడ నుంచి చెన్నై వెళ్లే రైలు మార్గం మీద, సముద్రానికి దగ్గరగా ఇసుక నేలలో వెలసింది. 1970 దాకా గుంటూరు జిల్లాలో, ఆ తర్వాత ప్రకాశం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లాలోకి వచ్చింది. 2011 జనాభా లెక్కల నాటికే పట్టణ జనాభా 85 వేలు దాటింది. ఇక్కడి చెత్త చరిత్రంతా రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది: ఎత్తేదెవరు, అందుకయ్యే డబ్బు కట్టేదెవరు? రెండో ప్రశ్నకు ఈ ఊరు 1921లో ఇచ్చిన జవాబు దేశమంతా వినబడింది.

పెరటి కాలం

పూర్వం ఇంట్లో పుట్టిన చెత్త చాలావరకు పెరడు దాటేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు కుడితి గోలెంలో పడేవి. పొయ్యిలోని బూడిద అంట్లు తోమడానికి పనికొచ్చేది. పేడ, పశువుల కొట్టంలో ఊడ్చింది పెంటదిబ్బకు చేరి, వేసవిలో బండ్ల మీద పొలాలకు తరలేది. మగ్గమున్న ఇళ్లలో గంజి, రంగు నీళ్లు, తెగిన నూలు పోగులు అదనం. పాత చీరలు బొంతలయ్యేవి. పారేయడానికి మిగిలేది తక్కువ.

ఆ రోజుల్ని పొగిడేవాళ్లు ఒక సంగతి దాటేస్తారు. పాకీ దొడ్ల మలాన్ని చేతులతో ఎత్తే పనిని తెలుగు ఊళ్లలో పుట్టుకను బట్టి దళితుల నెత్తిన పెట్టారు. 1993లో, మళ్లీ 2013లో పార్లమెంటు దాన్ని నిషేధిస్తూ చట్టాలు చేసింది. కోలారు బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పని రూపుమాపడానికి సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నడిపారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఊరి శుభ్రత గురించి రాసే ఏ చరిత్రైనా ఈ అన్యాయాన్ని ముందు చెప్పాలి.

పన్ను, తిరుగుబాటు

చీరాల, పేరాలలను చుట్టుపక్కల పల్లెలతో కలిపి మద్రాసు ప్రభుత్వం 1919లో మున్సిపాలిటీ చేసింది. వీధులు, దీపాలు, పారిశుధ్యం మున్సిపాలిటీ చూసుకోవాలి, ఖర్చు జనం భరించాలి. ఏడాదికి 4,000 రూపాయల దగ్గరున్న పన్నులు 40,000 దాకా ఎగబాకాయని ఉద్యమ చరిత్రలు చెబుతాయి. రోజు కూలి మీద బతికే నేతగాళ్లకు అది మోయలేని బరువు. తమను అడగకుండా తెచ్చిన మున్సిపాలిటీ తమకు అక్కర్లేదన్నారు.

‘ఆంధ్రరత్న’ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వారికి నాయకుడయ్యారు. 1921 ఏప్రిల్‌లో వచ్చిన గాంధీజీ రెండు దారులు చూపారు: పన్ను కట్టకుండా శాంతియుతంగా శిక్షలు భరించడం, లేదా మున్సిపాలిటీ పరిధి వదిలి వెళ్లిపోవడం. జనం రెండోది ఎంచుకున్నారు. సుమారు 15 వేల జనాభాలో 13 వేల మందికి పైగా ఊరు ఖాళీ చేసి, పొలిమేర అవతల రామనగర్ పేరుతో పాకలు వేసుకున్నారు. దాదాపు 11 నెలలు ఎండకు ఎండి, వానకు తడిసి అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్య జైలు పాలయ్యారు. 1922లో ఉద్యమం సద్దుమణిగింది. శుభ్రతంటే చీరాల ప్రజలకు గిట్టదని దీనికి అర్థం కాదు. అడగకుండా రుద్దిన పన్నునే వాళ్లు కాదన్నారు.

దొరువుల నేల

ప్లాస్టిక్ సంచులు, ప్యాకెట్లు వచ్చాక లెక్క మారింది. పశువులు తగ్గాయి, గ్యాసు పొయ్యిలొచ్చి బూడిద పోయింది. పెరడు లేని ఇళ్లు, అపార్ట్‌మెంట్లు పెరిగాయి. కుడితి గోలెంలో పడాల్సినవి పాల ప్యాకెట్లతో కలిసి మురుగు కాలువల్లో చేరాయి.

ఈ తీరంలో చెత్త గుట్టలు పోయడం మరీ ప్రమాదం. ఇక్కడి రైతులు ఇసుకలో కొద్ది లోతు తవ్వి, ఊరే తీపి నీటితో మొక్కలు తడుపుకుంటారు. ఆ గుంతల్నే దొరువులంటారు. పైన వాన నీటితో ఏర్పడిన తీపి నీటి పొర, దాని కింద ఉప్పు నీరు. నల్లరేగడిలో నీరు నెమ్మదిగా దిగుతుంది, ఇసుకలో అలా కాదు. కుళ్లిన చెత్త నుంచి కారే రసం తొందరగా దొరువు నీటిని తాకుతుంది. అందువల్ల ఊరి చివర పెద్ద డంపింగ్ యార్డు పెట్టేకన్నా ఇంటి దగ్గరే తడి చెత్తను వేరుచేయడం చీరాలకు ఎక్కువ అవసరమని చెప్పాలి.

నిబంధనలు, చెత్త పన్ను

అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం ఫలితంగా 2000లో దేశమంతటికీ మున్సిపల్ చెత్త నిబంధనలు వచ్చాయి. 2016 నిబంధనలు ప్రతి ఇంటివాళ్లూ తడి చెత్త, పొడి చెత్త, హానికర చెత్త వేరుచేసి ఇవ్వాలన్నాయి. అంతకుముందే ఈ పని చేసి చూపిన తెలుగు పట్టణం సూర్యాపేట. 2003 తర్వాత కమిషనర్ ఖాదర్ సాహెబ్ హయాంలో అక్కడ వీధి కుండీలు తీసేసి ఇంటింటికీ ట్రాక్టర్లు పంపారు. తడి చెత్తతో వానపాముల ఎరువు చేశారు, పొడి చెత్త అమ్మారు. సుమారు లక్ష జనాభా ఉన్న ఊళ్లో సాధ్యమైనది చీరాలలో అసాధ్యమేమీ కాదు.

2021 అక్టోబరు 2న రాష్ట్ర ప్రభుత్వం ‘క్లాప్’ పథకాన్ని మొదలుపెట్టింది. ఇంటికి ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలిచ్చి, చెత్త సేకరణకు పట్టణాల్లో నెలనెలా రుసుము విధించింది. జనం దాన్ని ‘చెత్త పన్ను’ అన్నారు. రామనగర్‌కు సరిగ్గా నూరేళ్ల తర్వాత మళ్లీ అదే తగవు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ పన్ను రద్దు చేస్తున్నట్లు ప్రకటించారు.

చెత్త పన్ను పోయింది కానీ తెల్లవారుజామున చేతులతో చెత్త ఎత్తే పారిశుధ్య కార్మికుల జీతం, చేతి తొడుగులు, బండి డీజిల్ ఖర్చు పోలేదు. తడి, పొడి వేరుచేసి ఇవ్వాలన్న బాధ్యత కూడా చట్టంలో అలాగే ఉంది. ఆ రెండు బుట్టలు వేరుగా పెట్టడానికి పైసా పన్ను కట్టనక్కర్లేదు.