రంగు డై, చావు డై

షోలాపూర్ పద్మశాలి పేటల్లో నూలుకు రంగు వేయడం తరాలనాటి పని. తెలంగాణ నుంచి వలస వెళ్లిన ఈ నేత కుటుంబాలకు ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. దుప్పట్లు, టవళ్ల బిల్లులు, లేబుళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు. చిక్కంతా అక్కడే. 'డైయింగ్'లో ఒక్క 'ఇ' జారిందా, రంగుల కార్ఖానా కాస్తా చావుల కార్ఖానా అవుతుంది.

పలకడానికి రెండూ 'డై'లే, పుట్టుకలు వేరు. రంగు డై పాత ఇంగ్లీషు మాట. చావు డై స్కాండినేవియా భాష నుంచి వచ్చిందని పండితులు చెబుతారు. పాత ఇంగ్లీషులో చావడానికి 'స్టెయోర్ఫన్' అనేవారు. అది క్రమంగా ఆకలిచావుకు పరిమితమై నేటి 'స్టార్వ్' అయింది.

ఈ తికమక మన ఒక్కరిదే కాదు. 1755 నాటి నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ రెండింటినీ 'ఐ'తోనే రాశాడు. అంతకుముందు ఇంగ్లీషు వ్యాసకర్త జోసెఫ్ అడిసన్ రెండింటికీ 'వై' వాడాడు. 19వ శతాబ్దం దాకా తేడా స్థిరపడలేదు.

గుర్తుపెట్టుకోవడం తేలికే. రంగు మాటలో 'వై-ఇ' జంట విడిపోదు: డి-వై-ఇ, డి-వై-ఇ-డి, డి-వై-ఇ-ఐ-ఎన్-జి. చావు మాట డి-ఐ-ఇ, డి-ఐ-ఇ-డి. 'ఇంగ్' చేరినప్పుడే 'ఐ-ఇ' పోయి 'వై' వస్తుంది: డి-వై-ఐ-ఎన్-జి. లేబుల్ మీద 'యార్న్ డైడ్' అచ్చువేయించే ముందు ఆ 'వై' ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే నూలు చచ్చిపోయిందని మనమే ప్రకటించినట్టు!