బెంగళూరు బావులు, మా మట్టి వడ్డెరలు

మా నాయన మట్టి వడ్డెర. రాతి వడ్డెరలు బండలు కొడితే, మట్టి వడ్డెరలు చెరువుకట్టలు వేశారు, బావులు తవ్వారు. ఉండేది బెంగళూరులోనైనా మా ఇళ్ళల్లో తెలుగే, పని మాటలూ తెలుగే.

ఈ ఊరికి దగ్గర్లో జీవనది లేదు. 3,000 అడుగుల ఎత్తున చెరువుల మీదా బావుల మీదా బతికింది. చెరువు నిండితే దిగువ బావుల్లో నీరు పైకొచ్చేది. ఈ లెక్క మావాళ్ళకు కొట్టినపిండి. 1894లో హెసరఘట్ట నీళ్ళు గొట్టాల్లో వచ్చాయి, 1974లో వంద కిలోమీటర్ల అవతలి కావేరి వచ్చింది. కుళాయి వచ్చిన ఇంట్లో బావిని పట్టించుకునేవాళ్ళు లేకపోయారు.

నాయన గంగమ్మకు టెంకాయ కొట్టి పలుగు పట్టేవాడు. ఒకరు లోపల తవ్వుతుంటే పైనుంచి ఇద్దరు తట్టలు లాగేవాళ్ళు. ఎర్రమట్టి అయిపోయి, పలుగుకు పొడిపొడిగా రాలే మెత్తరాయి తగిలితే నాయన ముఖం వెలిగేది. నల్లరాయి యుగాల తరబడి పుచ్చి అలా అవుతుంది, ఊట దాంట్లోనే ఉంటుంది. దాని కింద గట్టిబండ వస్తే ఇక ఆపెయ్యడమే. పక్కలు విరిగిపడకుండా ఒరలు దించేవాళ్ళు. పాత బావి పూడిక తియ్యాలంటే ముందు తాడుకు దీపం కట్టి వదిలేవాడు. ఆరిపోతే ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు.

మేము ఆగిన బండను బోరు తొలుచుకుంటూ పోయింది, ఇప్పుడు వెయ్యి అడుగులు దాటింది. అక్కడి పగుళ్ళలో నీరు మళ్ళీ చేరాలంటే ఏళ్ళు పడుతుంది. బావిలో మట్టం తగ్గితే చేంతాడుకు మూరెడు కలిపిన ఆడమనిషికి ఆ రోజే తెలిసేది. బోరు సంగతి పంపు గాలి కక్కేదాకా తెలీదు. 2024 వేసవిలో 13,900 సర్కారు బోర్లలో 6,900 ఎండాయని కర్ణాటక ప్రభుత్వమే చెప్పింది.

2,400 చదరపు అడుగులు, ఆ పైన జాగా ఉన్న పాత ఇళ్ళు కూడా వాననీటిని పట్టాలని 2009లో చట్టం సవరించారు. ఏడాదికి 97 సెంటీమీటర్ల వాన పడే ఊళ్ళో అంత జాగా మీద కురిసేది రెండు లక్షల లీటర్ల పైమాటే. బయోమ్ సంస్థ పది లక్షల ఇంకుడు బావుల ప్రచారం పెట్టి మావాళ్ళను పిలిచింది. కబ్బన్ పార్కు పాత బావుల పూడిక తీసిందీ మావాళ్ళే. ఇంకుడు బావి వెడల్పు మూడడుగులు, లోతు ఇరవై ముప్పై, అడుగున కాంక్రీటు ఉండదు. మిద్దె మీది వాన వడకట్టుకుని లోపలికి దిగి ఊటపొరలో కలుస్తుంది.

చట్టం కోసం నాలుగడుగుల గుంత తీసి కంకర పోస్తే ఆ నీరు ఊటదాకా పోదు. ఎక్కడ ఆపాలో మట్టి చూసి చెప్పగలిగిన మనిషి కావాలి, ఆ తెలివికి కూలీ వేరే కట్టాలి. తవ్విన బావికీ ఏటా ఒండ్రు పడుతుంది. ముంగారు వానలకు ముందే, మే నెలలోనే, పూడికకు మావాళ్ళను పిలవండి.