తవ్వడం, తిరగదోడడం

ఈసారి కూడా కాస్త పొడుగ్గానే రాశాను. తీరిక ఉన్నప్పుడు చదవండి, కానీ మన సంచిక కమిటీ మళ్ళీ కూర్చునేలోపు చదవండి.

పోయిన ఆదివారం మీటింగులో జరిగింది మీలో చాలామంది చూశారు. సంచికలో పెద్దల జ్ఞాపకాలకు కొన్ని పేజీలు కేటాయించాలని అనుకున్నాం. తొంభైకి దగ్గరపడ్డ ఒక పెద్దాయన లేచి, "పోలీసు యాక్షన్ అప్పుడు నాకు పన్నెండేండ్లు. మా ఊర్ల ఏమైందో చెప్త, రాసుకోండ్రి" అన్నారు. నాలుగు మాటలు చెప్పారో లేదో, వెనక నుంచి ఒక తమ్ముడు, "కాకా, గవన్నీ ఇప్పుడు తవ్వుడెందుకు?" అన్నాడు. కోపంగా అనలేదు, మర్యాదగానే అన్నాడు. పెద్దాయన కూర్చున్నారు. ఆ తర్వాత మనం భోజనాల ఖర్చు లెక్కలోకి వెళ్ళిపోయాం.

ఇంటికి వచ్చాక కూడా ఆ 'తవ్వుడు' అనే మాట నన్ను వదల్లేదు. అదే వారం మా మనవడు ఇంగ్లీషు పుస్తకం పట్టుకొచ్చి, "తాతా, డిగ్ అప్ అంటే దుంపలు తవ్వడమా, రహస్యాలు బయటపెట్టడమా?" అని అడిగాడు. రెండూ అన్నాను. "ఒకే మాటకు రెండెందుకు?" అన్నాడు. వాడికి చెప్పిన జవాబే కాస్త పెంచి ఇక్కడ రాస్తున్నాను.

నేను చదువుకున్నది తమిళ మీడియంలో అని మీకు తెలుసు. తెలుగు ఇంట్లో మాట్లాడే భాషే కానీ, అక్షరాలు రైల్వేలో చేరాక స్టేషన్ బోర్డులు చూసి నేర్చుకున్నాను. అందుకే మాటల మీద నాకు కొంచెం పిచ్చి. తమిళంలో తవ్వడానికి 'తోండు' అంటారు. దాని తోబుట్టువు లాంటి మాట తెలుగులో 'తోడు'. బావిలో నీళ్ళు తోడతాం. గోదావరిలో ఇసుక తోడేస్తున్నారని పేపర్లో చదువుతాం. దానికే 'తిరగ' చేర్చితే 'తిరగదోడడం'. పాత కేసు తిరగదోడారు, పాత గొడవ తిరగదోడారు అంటాం. ఒకసారి పూడ్చినదాన్ని మళ్ళీ తవ్వడం అన్నమాట. ఇంగ్లీషువాళ్ళు రెండు ముక్కలు చేర్చి చెప్పేదాన్ని మనవాళ్ళు ఒక్క మాటలో చెప్పారు. ఇక ఒకరి కింద గోతులు తవ్వడం, కొండను తవ్వి ఎలుకను పట్టడం మనకు ఎటూ ఉన్నాయి. బావి తవ్వితే భూతం లేచి వచ్చినట్టు అని తమిళంలో ఒక సామెత. మన తమ్ముడి భయం కూడా అదే అనుకుంటాను.

ఆ భయం సంగతి తర్వాత చూద్దాం. ముందు నిజంగా మట్టి తవ్విన కథలు రెండు మూడు చెప్తాను.

మొదటిది మా రైల్వే కథే. 1850లలో లాహోర్ నుంచి ముల్తాన్‌కు లైను వేసేటప్పుడు పట్టాల కింద వేయడానికి రాయి దొరకలేదు. దగ్గర్లో హరప్ప అనే ఊరి పక్క పెద్ద దిబ్బ ఉంది, దాని నిండా కాల్చిన ఇటుకలు. కాంట్రాక్టర్లు అవి తవ్వి లైనుకు పోశారు. సుమారు వంద మైళ్ళ లైనుకు సరిపడా ఇటుక అలా పోయిందని ఆర్కియాలజీ శాఖ తొలి అధిపతి అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ రాశాడు. అక్కడ దొరికిన ఒక ముద్రను 1875లో ఆయన అచ్చు వేయించాడు కానీ, అది ఈ దేశానిదే కాదేమో అనుకున్నాడు. 1921లో దయారామ్ సాహ్ని పద్ధతిగా తవ్వాక, 1924లో జాన్ మార్షల్ లోకానికి చాటాక గానీ అది నాలుగు వేల ఏళ్ళు దాటిన నగరమని తేలలేదు. అంతకు ముందు కొన్ని దశాబ్దాలుగా రైళ్ళు ఆ నగరపు ఇటుకల మీదుగానే నడుస్తున్నాయి. మా శాఖవాళ్ళు చేసిన పని కాబట్టి ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు కాస్త సిగ్గేస్తుంది.

రెండోది మన కృష్ణా తీరానిది. అమరావతిలో దీపాలదిన్నె అనే దిబ్బ ఉండేది. 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అక్కడ కొత్త ఊరు కట్టిస్తున్నారు. ఇటుకల కోసం దిన్నె తవ్వితే చెక్కిన సున్నపురాతి పలకలు బయటపడ్డాయి. సంగతి విని కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో తన మనుషులతో బొమ్మలు గీయించడానికి మళ్ళీ వచ్చేసరికి దిన్నె నడుమ చెరువు తవ్వేశారు. కొన్ని పలకలు గోడల్లోకీ మెట్లలోకీ పోయాయి. తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకు, అక్కడి నుంచి లండన్‌కు చేరాయి. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలకు ప్రత్యేకంగా గదే ఉంది. అయితే ఏ పలక స్తూపంలో ఏ చోట ఉండేదో చెప్పడానికి పండితులు రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా మెకంజీ గీయించిన బొమ్మలే ముందు పెట్టుకుని తంటాలు పడుతున్నారు. రాయి దొరికింది, దాని చోటు పోయింది.

మూడోది మనకు దగ్గరది. మనకు ఉత్తరాన ఉన్న వాశింలో 1939లో ఒక రాగి శాసనం దొరికింది. రెండో వింధ్యశక్తి అనే వాకాటక రాజుది. అంటే సుమారు పదహారు వందల ఏళ్ళ కిందటిది. అంతవరకు వాకాటకుల్లో వాశిం శాఖ ఒకటి విడిగా ఉండేదని చరిత్రకారులకు సరిగా తెలియదు. ఆ రేకుల వల్లే అజంతా గుహలోని ఒక శాసనాన్ని కూడా మళ్ళీ సరిగా చదవగలిగారు. ఆ రేకుల్లో దానమిచ్చిన గ్రామం ఏ సీమలో ఉందో చెబుతూ 'నాందీకట' అనే పేరు రాసి ఉంది. అది మన నాందేడే అని వి.వి. మిరాశీగారు గుర్తించారు. మన ఊరి పాత పేరు అలా వాశిం రేకుల్లో ఉంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. తవ్వినవాళ్ళందరి చేతిలో ఉన్నది పారే. తేడా ఎక్కడ వచ్చింది? ఆర్కియాలజీవాళ్ళు ముందు నేల మీద చదరాలు గీస్తారు. పైపొర పూర్తిగా తీశాకే కింది పొరకు వెళ్తారు. ప్రతి పెంకుకూ నంబరు వేసి ఏ గుంటలో, ఎంత లోతులో, దేని పక్కన దొరికిందో రాస్తారు. పై పొర కొత్తది, కింది పొర పాతది అన్నది మొదటి లెక్క. కుండ పెంకు విడిగా ఇస్తే అది వట్టి పెంకు. ఏ పొరలోదో చెబితే అదే కాలాన్ని చెప్తుంది. ఇటుకల కోసం తవ్వినవాడికి పొరతో పనిలేదు.

ఇప్పుడు పెద్దాయన మాటకు వస్తాను.

మనం ప్రతి సెప్టెంబరు 17న మరాఠ్వాడా ముక్తి దినం చేసుకుంటాం. మన ఊరి యూనివర్సిటీకి స్వామి రామానంద తీర్థ పేరు పెట్టుకున్నాం. రజాకార్లు చేసిన అఘాయిత్యాలు మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. అవి తవ్వకూడదని ఎవరూ అనరు, అనకూడదు కూడా. కానీ 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాక ఊళ్ళల్లో ఏం జరిగిందన్న మాట వచ్చేసరికి గొంతులు తగ్గిపోతాయి. ఆ ఏడాది నవంబరు, డిసెంబరుల్లో పండిత్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ మొదలైనవాళ్ళు భారత ప్రభుత్వం తరఫున ఈ జిల్లాలు తిరిగి నివేదిక ఇచ్చారు. మొత్తం మీద ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల మంది చనిపోయి ఉంటారని, వారిలో ఎక్కువమంది ముస్లింలని అంచనా వేశారు. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్న నాలుగు జిల్లాలుగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ పేర్లు రాశారు. అందులో మన జిల్లా ఉంది.

ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. కొన్ని భాగాలు మధ్యలో అచ్చయ్యాయి. 2013లో ఏ.జి. నూరానీ పుస్తకం వచ్చాక ఎక్కువమంది చదివారు. అప్పుడు కూడా ఇదే మాట వినబడింది, ఎందుకు తిరగదోడుతున్నారని.

ఆ నివేదికలో ఇంకో విషయం కూడా ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఎంతోమంది హిందువులు పక్కింటి ముస్లింలను ప్రాణాలకు తెగించి కాపాడారని వాళ్ళు రాశారు. ఒకే వృత్తివాళ్ళ మధ్య ఈ అభిమానం మరీ ఎక్కువగా కనిపించిందట. కొన్ని చోట్ల హిందూ నేతపనివాళ్ళు ముస్లిం నేతపనివాళ్ళకు అడ్డంగా నిలబడి, తమవాళ్ళలో కొందరిని పోగొట్టుకుని మరీ కాపాడారట. మన సంఘంలో మగ్గం ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది ఉన్నారో నేను చెప్పాలా? ఆ నేతపనివాళ్ళు ఎవరో, ఏ ఊరివాళ్ళో ఆ వాక్యంలో లేదు. తవ్వొద్దని మనం మూసేసిన చోట చంపినవాళ్ళ పేర్లతో పాటు ఈ కాపాడినవాళ్ళ పేర్లు కూడా పూడుకుపోయాయి. పెద్దాయన ఆ రోజు చెప్పబోయింది ఏ కథో మనకు తెలియదు. మనం విననేలేదు కదా.

ఉద్యోగంలో ఉన్నప్పటి సంగతి ఒకటి చెప్తాను. ఆఫీసు పేరు వద్దు. ఒక గ్యాంగ్‌మన్ భార్య ఫ్యామిలీ పెన్షన్ కోసం తిరుగుతోంది. ఆయన సర్వీసు రిజిస్టరు దొరకడం లేదని ఏళ్ళ తరబడి తిప్పుతున్నారు. మీటర్ గేజ్ కాలం నాటి మనిషి. చివరికి నేనూ ఒక ప్యూనూ నాలుగు రోజులు రికార్డు గదిలో కూర్చుని కట్టలన్నీ విప్పాం. పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉంది, అందుకే దొరకలేదు. రిజిస్టరుతో పాటు పాత ఛార్జిషీటు ఒకటి బయటపడింది. డ్యూటీలో తాగి ఉన్నాడని. పక్క సీటాయన, "అది తీసి పారెయ్, ఆమె చూస్తే బాధపడుతుంది" అన్నాడు. నేను తీయలేదు. దాని కిందనే ఇంకో కాగితం ఉంది. విచారణ జరిగింది, ఆ రోజు ఆయనకు జ్వరం, ఆరోపణ నిలవలేదు. పైకాగితం చించేస్తే కిందిదానికి అర్థం ఉండదు. పైది ఒక్కటే చదివితే మనిషి చెడ్డవాడవుతాడు. ఆమెకు పెన్షన్ వచ్చింది. ఆ రెండు కాగితాలూ ఉన్న వరుసలోనే ఫైల్లో ఉంచాను.

తమ్ముడి భయం అబద్ధమని నేను అనను. ఒక్క ముక్క తవ్వి, పొర చెప్పకుండా, ఫోన్లో అందరికీ పంపి ఊళ్ళు తగలబెట్టేవాళ్ళు ఉన్నారు. అది ఇటుకల కోసం దిబ్బ తవ్వడం లాంటిదే, వాళ్ళ గోడకు ఇటుక దొరికితే చాలు. దానికి మందు అసలు తవ్వకపోవడం కాదు, రాసుకుంటూ తవ్వడం.

పొర ఎంత ముఖ్యమో చిన్న ఉదాహరణ. మొన్న ఒక అవ్వ, "మాది నాందేడ్ జిల్లా ముధోల్" అంటే పిల్లలు నవ్వారు, ముధోల్ తెలంగాణలో ఉంది కదా అని. అవ్వ చెప్పింది నిజమే. 1956 నవంబరు దాకా ముధోల్ తాలూకా, దాంతో పాటు బాసర, నాందేడ్ జిల్లాలోనే ఉండేవి. ఆ తర్వాతే అవి ఆదిలాబాదుకు, అటు కిన్వట్ మన వైపుకు వచ్చాయి. ఏడు రాయకుండా "అవ్వ ఊరు ముధోల్, నాందేడ్ జిల్లా" అని అచ్చు వేస్తే రేపు చదివినవాడు తప్పు అంటాడు. ఏడు వేస్తే అదే చరిత్ర.

కమిటీకి నా మనవి ఇది. పెద్దాయన ఇంటికి ఇద్దరం వెళ్దాం, నేను వస్తాను, ఆ తమ్ముడు కూడా రావాలి. ఆయన చెప్పింది చెప్పినట్టు రాద్దాం. ఏ ఊరు, ఏ నెల, కళ్ళారా చూసిందా, ఎవరైనా చెబితే విన్నదా, అన్నీ అడిగి పక్కన రాద్దాం. కాపాడినవాళ్ళ కథ చెప్తే అదీ, చంపినవాళ్ళ కథ చెప్తే అదీ రాద్దాం. రాసింది ఆయనకు చదివి వినిపిద్దాం. సంచికలో ఎంత వేయాలో ఆ తర్వాత అందరం కూర్చుని తేల్చుకుందాం. వేయకపోయినా కాగితం మన బీరువాలో ఉంటుంది.

బస్మత్, అర్ధాపూర్ వైపు పసుపు తవ్వేటప్పుడు మీరంతా చూసే ఉంటారు. కొమ్ము మీద పార వేయరు. చుట్టూ మట్టి వదులు చేసి, దుబ్బు మొత్తం విరగకుండా పైకి తీస్తారు. ఆలస్యం చేస్తే కొమ్ము భూమిలోనే పాడవుతుంది. పెద్దాయనకు తొంభై. ఈ ఆదివారం పొద్దున పది గంటలకు నేను సిద్ధంగా ఉంటాను. వచ్చేవాళ్ళు ఒక మాట రాయండి.